వోస్కాను దొర అక్షరం

పెడనలో గుడ్డలకు అద్దకం వేసే కోటిలింగం ఇంట్లో అందరికీ తెలివి దండిగా ఉండేది. వాళ్ళే చెప్పుకునేవారు లెండి. ఆ తెలివి పక్కింటికి ఎక్కడ పాకుతుందోనని పట్టపగలే గడియ పెట్టుకునేవారు.

ఆ రోజుల్లో బందరు రేవులో వోస్కాను అనే ఆర్మేనియా వర్తకుడు ఉండేవాడు. కోటిలింగం వాళ్ళు ఏడాదంతా అద్దిన గుడ్డల్ని అతను ఐదు బేళ్ళు కట్టించి, ఓ చెక్క అచ్చు వాళ్ళ చేతికిచ్చాడు. దాని మీద బోర్లించిన చెంబులాంటి గీత ఉంది.

"ఇది మా భాషలో నా పేరుకి మొదటి అక్షరం. ప్రతి బేలు మీదా వెయ్యండి. తలకిందులైందో, నాతో పోటీపడే మావాడే, ఆ సర్కిసు పేరుకి మొదటి అక్షరమవుతుంది! సరుకు అతని పడవెక్కుతుంది, మీ కష్టం గంగపాలవుతుంది. అక్షరం ఎప్పుడూ నిటారుగా కనపడాలి. రేవులో దించాక బేళ్ళని ఎవర్నీ ముట్టుకోనివ్వకండి" అన్నాడు.

అంతే, వేశారు. కోటిలింగం తమ్ముడు భావయ్య బండికెత్తుతుంటే ఓ బేలు దొర్లింది.

"అయ్యో, అక్షరానికి కళ్ళు తిరిగుంటాయి మరిదీ!" అంటూ కోటిలింగం పెళ్ళాం నాంచారమ్మ దాని మీద కుండెడు మజ్జిగ పోసింది.

బండి కదిలింది. ముందు కూర్చున్న భావయ్య వెనక్కి చూసి కెవ్వుమన్నాడు. "అన్నా, ఇటునుంచి తలకిందులుగా ఉందే!"

"అయితే బండి తిప్పరా!"

ఇంకేముంది, తిప్పారు. ఎడ్లు హాయిగా ఇంటికొచ్చేశాయి. ఇలా మూడుసార్లు ఇల్లు చూసుకుని, ఎలాగో ముగ్గురూ రేవు చేరారు. అక్కడ కూలీలు బేళ్ళన్నీ తలకిందులుగానే దించారు. అక్షరం చూసి సర్కిసు మనుషులు వచ్చేశారు. వోస్కాను గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"తిప్పండయ్యా, త్వరగా!"

"ముట్టుకోవద్దన్నది తమరే కదా దొరా" అన్నాడు కోటిలింగం. అంతే, అన్నదమ్ములిద్దరూ చెరో కాలూ పట్టి దొరనే తలకిందులుగా ఎత్తారు. "ఇప్పుడు నిటారుగా ఉందా?"

"ఉంది! దించండి! అవతల సరుకు పోతోంది!"

నిజంగానే బేళ్ళు సర్కిసు పడవెక్కేశాయి. పడవలో పదిమంది వాటినే చూస్తున్నారు.

"పదిమందినీ ఎత్తేసరికి మన నడుములు విరుగుతాయి" అంది నాంచారమ్మ. "పడవనే తిప్పితే పోలా?"

ఇంకేముంది! నడుంలోతు నీళ్ళలోకి దిగి ముగ్గురూ భుజాలు ఆన్చి తోశారు. పడవ బోర్లాపడింది. సర్కిసు, అతని మనుషులు దగ్గుకుంటూ ఒడ్డెక్కారు. వోస్కాను ఇసకలో కూలబడి బావురుమన్నాడు.

"ఏడవకండి దొరా" అన్నాడు కోటిలింగం, మునుగుతున్న బేళ్ళని చూపించి. "అక్షరం నిటారుగానే మునుగుతోంది."