పైడమ్మ పాక ఎత్తిన రోజు

అనగనగా ఒక ఊరు. ఆ ఊరి పక్కన ఒక ఏరు. ఆ ఏటి ఒడ్డునే పైడమ్మ పాక. కాళ్ళాడించకు, దుప్పటి జారిపోతోంది. ఆఁ, విను.

ఆ ఊరి పెద్ద తవిటినాయుడు. ఆయన పట్నం నుంచి ఒక ఇంగ్లీషు మాట తెచ్చాడమ్మా. వెయిటు! "మనిషన్నాక వెయిటుండాలి" అనేవాడు మీసం దువ్వుకుంటూ. ఇంక ఊరంతా అదే మాట. నాయుడు చెయ్యెత్తితే బస్సు ఆగేది. చూశావా వెయిటూ, అనుకునేవారు. పెళ్ళికెళితే ముందు వరసలో కుర్చీ వేసేవారు. అదీ వెయిటే. సంతకెళితే కానిస్టేబులు లేచి నిలబడేవాడు. అమ్మో, ఎంత వెయిటో!

పైడమ్మకి ఏముంది పాపం? మొగుడు లేడు, పొలం లేదు. అక్కా అనడానికి ఊరంతా 'అప్పా' అని పిలిచేవారు, అంతే. 'నాకేటి వెయిటు, నా మాట ఎవరు వింటారు' అనుకునేది ఆ పిచ్చి తల్లి.

ఆ ఏడు వానలు ముంచెత్తాయి. ఏరు ఒడ్డుని కొరుక్కు తినడం మొదలెట్టింది. పొద్దున్నకి పెరడు పోయింది. మధ్యాహ్నానికి పొయ్యి దాకా వచ్చింది. లోపల నెలలు నిండిన కూతురు గున్నమ్మ నడుం పట్టుకుని మూలుగుతోంది. పొద్దుగూకేలోగా పాక గట్టెక్కకపోతే తల్లీకూతుళ్ళు ఏమైపోతారు చెప్పు?

ఆ ఊళ్ళో పాక చోటు మార్చాలంటే దాన్ని విప్పరు. కప్పు కప్పంతా భుజాల మీద మోసుకెళ్ళి, కొత్త చోట రాటలు పాతి పెడతారు. దానికి కూలీ నాలీ ఉండదు. పిలిచిన మనిషి మీద అభిమానంతో వస్తారు, అంతే.

అప్పుడు పైడమ్మ నాయుడి దగ్గరికి పరిగెత్తింది. "బాబూ, తమరు పిలిస్తే వస్తారు" అంది. ఆయనా మంచివాడే. "నా పేరు చెప్పు, ఎవడు రాడో చూస్తాను!" అన్నాడు.

పైడమ్మ మొదటింటి తలుపు తట్టింది. "నాయుడుగారు పాక ఎత్తడానికి రమ్మన్నారు" అంది. "నడుం పట్టేసిందప్పా" అన్నాడు ఆ ఇంటాయన.

రెండో ఇంటికెళ్ళింది. అదే మాట చెప్పింది. "మా ఆయన పొరుగూరెళ్ళాడు" అంది ఆ ఇంటావిడ. ఆయన కాళ్ళేమో మంచం కిందనుంచి కనబడుతూనే ఉన్నాయి! నవ్వకు, పైడమ్మకి ఏడుపొస్తోంది.

మూడో ఇల్లు నీలమ్మది. అక్కడా ఏడుస్తూ అదే మాట చెప్పింది పైడమ్మ. నీలమ్మకి ముందు చిరాకేసింది. "పోయినేడు నాయుడి పశువులసాల మోస్తే గుక్కెడు మజ్జిగైనా పోశాడా? అయినా ఆయన పాకకి నువ్వేడుస్తావేటప్పా?" అని అడిగింది.

"ఆయనది కాదే, నాదే! ఏరు లాగేస్తోంది. లోపల గున్నమ్మకి నొప్పులొచ్చేలా ఉన్నాయి!"

"ఓలమ్మ! ఆ మాట ముందే చెప్పవేటి!" నీలమ్మ నెత్తి కొట్టుకుని వీధిలోకి ఉరికింది. "ఒరే, నాయుడిది కాదర్రా, మన పైడప్ప పాకర్రా!" అని కేకేసింది.

అంతే! నడుం పట్టేసినాయన లేచి పరుగు. మంచం కిందాయన బయటికొచ్చి పరుగు. "మా అమ్మ పోయిన రోజు గంజి కాచి తెచ్చింది అప్ప" అని ఒకడు, "మా పిల్లకి జ్వరమొస్తే తెల్లార్లూ కూర్చుంది" అని ఇంకొకడు. అందరూ కలిసి హైలెస్సా అన్నారు. పాక కప్పు గాల్లోకి లేచింది. ఆడవాళ్ళు గున్నమ్మని మంచంతో సహా మోసుకుపోయారు.

అప్పుడు నాయుడొచ్చాడు. పంచె ఎగ్గట్టి, "నాకూ చోటివ్వండ్రా" అన్నాడు. ఒక్క భుజానికైనా సందు లేదు! ముఖం చిన్నబోయింది ఆయనకి. పైడమ్మకి జాలేసింది. "బాబూ, ఈ కోళ్ళగూడు పట్టుకోండి" అంది. ఆయన దాన్ని నెత్తిన పెట్టుకుని, బురదలో అందరి వెనకా నడిచాడు.

దీపాలవేళకి పాక గట్టు మీద నిలబడింది. కాసేపటికి లోపల్నుంచి కేర్‌మని పసిపాప ఏడుపు. పైడమ్మ ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది.

నాయుడు కోళ్ళగూడు దించి, చెమట తుడుచుకున్నాడు. "ఇంత వెయిటు పెట్టుకుని నా గుమ్మంలోకెందుకొచ్చావు పైడమ్మా?" అన్నాడు.

"నాకేం తెలుసు బాబూ" అంది పైడమ్మ. "నేనెప్పుడూ ఎవర్నీ పిలవలేదు కదా!"

పాక చేరె గట్టుకి,
పాప చేరె ఒడికి,
కథ చేరె కంచికి,
కళ్ళు మూసి నువ్వు నిద్దరకి.