ఎలుగు రాజుగారి కూతురికి వచ్చిన పటం

అనగనగా ఒక మంచుసీమ. దేవదారు అడవి నడుమ ఎలుగు రాజు ఓట్టో కోట. అద్దాల గదులు, పట్టు తెరలు, పౌడరు పూసిన విగ్గులు, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా మాట. ఏడేళ్ళ కిందట ఓ విందులో రాజు తన అత్తగారికి వంటింటి గుమ్మం పక్కన కుర్చీ వేయించాడు. ఆనాటి నుంచి విల్మా రాణి మొగుడితో మాట్లాడితే ఒట్టు. ఆయన తూర్పు మేడలో, ఆవిడ పడమటి మేడలో. కూరలో ఉప్పు తక్కువైందన్న కబురు కూడా మంత్రి నక్క గాస్పరే మోయాలి. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు. ఈ నక్క తీర్చడం మాట అటుంచి, తీరకుండా చూసుకునేవాడు.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఫ్రీడాకి పెళ్ళీడొచ్చింది. ఆ రాజుల ఇళ్ళలో పెళ్ళిచూపులంటే పటం చూడటమే. పిల్లాడు రాడు, వాడి పటం వస్తుంది. సరేనంటే పిల్ల బండెక్కుతుంది, మళ్ళీ పుట్టింటి గడప తొక్కేది లేదు.

గాస్పర్ ఉత్తరకోట సంబంధం తెచ్చాడు. పటం మాత్రం ఒక్క ఫ్రీడా చేతికే ఇచ్చాడు.

"రాణిగారు ఒప్పేసుకున్నారు మహారాజా. తమరు కాదంటే ఇంకో ఏడేళ్ళు అలుగుతారు," అన్నాడు రాజుతో.

"రాజుగారు మాటిచ్చేశారమ్మా. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే ఆయన పరువేం కాను?" అన్నాడు రాణితో.

పిల్లను అంత దూరం పంపడం ఇద్దరికీ ఇష్టం లేదు. అయినా రెండోవాళ్ళను కష్టపెట్టడమెందుకని ఇద్దరూ తలూపారు. పిచ్చి మారాజులు.

ఫ్రీడా ఏడుపు దిగమింగుకుని పెట్టె సర్దుకుంటోంది. గాస్పర్ వచ్చాడు.

"బండి సిద్ధమమ్మా. పటం అమ్మగారికి చూపించకండి, ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు."

ఆ ముక్కే వాడి కొంప ముంచింది. అమ్మ ఏడుస్తుందంటే అమ్మకి ఇష్టం లేదన్నమాటేగా అనుకుంది ఫ్రీడా. పటం చంకన పెట్టుకుని పడమటి మేడకు నడిచింది.

రాణి పటం చూసింది. కళ్ళజోడు తగిలించుకుని మళ్ళీ చూసింది.

"ఎవరే ఈయన?"

"నాకు కాబోయే మొగుడటమ్మా."

"నీ మొహం. ఈయన మీ నాన్న. పెళ్ళికి ముందు మా ఇంటికి పంపిన పటమిది, కోటు రంగు మార్చారంతే. ఈ చెవికి గంటు చూశావా? ఇప్పుడది విగ్గు కింద దాగిపోయింది. దాచకుండా ఉన్నదున్నట్టు గీయమన్నాడట మహానుభావుడు. ఆ గంటు చూసే నేను బండెక్కాను."

రాణి కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. కూతురి చెయ్యి పట్టుకుని తిన్నగా తూర్పు మేడకు వెళ్ళింది. రాజు తేనె తాగుతున్నాడు, పక్కన గాస్పర్ నిలబడి ఉన్నాడు.

"ఏమండీ," అంది రాణి.

ఓట్టో చేతిలో గిన్నె జారిపోయింది.

"పిల్లను ఆ చలిలోకి తోలాలని మీకెందుకు పుట్టింది?"

"నాకా? ముచ్చటపడింది నువ్వు కదూ?"

"నేనా? ఎవరు చెప్పారు?"

ముగ్గురూ గాస్పర్ వైపు తిరిగారు. రాణి వాడి తోకమీద కాలేసి నిలబడేసరికి ఒక్కొక్కటే బయటికొచ్చింది. పెళ్ళికొడుకు రాజుగారికన్నా పెద్దవాడు, ఇద్దరు పెళ్ళాలను తరిమేశాడు. ఆ ముసలి మొహం చూపించలేకే కోటలో మూలపడ్డ రాజుగారి పాత పటానికి రంగు మార్పించాడు. ఈ పెళ్ళి కుదిర్చితే గాస్పర్‌కి బాతుల చెరువు రాసిస్తామన్నారు ఉత్తరకోటవాళ్ళు.

"వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు కదమ్మా," అని నసిగాడు.

"పెళ్ళి తప్పిపోయింది, ఇక నీకు అబద్ధాలే మిగిలాయి," అంది ఫ్రీడా. "నాన్నా, పెళ్ళిబండి వట్టిగా పోకూడదు. మంత్రిగారినే ఎక్కిద్దాం. పిల్ల రావడం లేదన్న కబురు ఆ ముసలాయనకి ఈయనే చెప్తాడు. మోయడం అలవాటేగా."

పూలదండలు కట్టిన బండిలో నక్క ఒంటరిగా ఉత్తరానికి బయల్దేరాడు. రాజు రాణి వైపు తిరిగాడు.

"పండక్కి మీ అమ్మగారిని పిలుద్దామా?"

"కుర్చీ ఎక్కడ వేయిస్తారు?"

"నా పక్కనే."

ఫ్రీడా వెళ్ళి పెట్టెలోని బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టుకుంది.

ఆలుమగల మధ్య మాట ఆగిపోతే, ఆ ఇంట్లో నక్కే పెద్దమనిషి.