గురువారం పన్నెండింటికి సున్నా

వన్నూరమ్మ ఎనిమిదో తరగతికి సైన్సు టీచరు. కొండమీది గాలిమరల మూడేళ్ల లెక్కలు తెచ్చి, రాబోయే రోజుల్లో ఏ గంటకు ఎంత కరెంటు పుడుతుందో ఏఐతో ముందే చెప్పడం పిల్లలకు నేర్పింది. నెల రోజులుగా వాళ్లు చెప్పింది దాదాపు తప్పలేదు.

ఆ వారం మాత్రం ల్యాప్‌టాప్ వింత చూపించింది. గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి సున్నా. ఎన్నిసార్లు అడిగినా సున్నానే. ఆషాఢంలో ఆ కొండమీద గాలి ఆగడం ఎవరూ ఎరగరు.

"గాలి చచ్చిపోతుందా టీచర్?" అని అడిగింది ఒక పిల్ల.

ఆ సాయంత్రమే వన్నూరమ్మ, తనకు చదువు చెప్పిన ఖాజా సారు ఇంటికి వెళ్లింది. "తప్పెక్కడుందో చూడండి సార్."

ఆమె తెరిచిన ల్యాప్‌టాప్ వైపు ఆయన చూడలేదు. "గురువారం పిల్లల్ని కొండెక్కించు. నేనూ వస్తా" అన్నాడు.

గురువారం పైకి చేరేసరికి గాలి హోరుకు పక్కవాళ్ల మాట కూడా వినపడటం లేదు. పన్నెండవుతుండగా ఒక్కో రెక్కా నెమ్మదించింది. తర్వాత అన్నీ నిలిచిపోయాయి. గడ్డిపోచ కదల్లేదు. పిల్లలు ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు.

"సున్నా! సరిగ్గా సున్నా! చూశారా సార్?" వన్నూరమ్మ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

సారు ఆమె చేతిలోని ల్యాప్‌టాప్ మూసి, పెదాలమీద వేలు పెట్టుకున్నాడు.

అప్పుడు వచ్చింది, నేలలోంచి, సన్నగా, ఓ ఆడగొంతు. "ఎవురన్నా ఉండారా... నాయనా..."

"గాలిమర లోపల ఎవరో ఉన్నారు టీచర్!" పిల్ల ఒకతె ఏడుపు మొదలుపెట్టింది.

వన్నూరమ్మ ఆ గొంతు వచ్చిన వైపే నడిచింది. తుప్పల వెనక పాడుబడిన బావి. అడుగున బురదలో, కాలు విరిగి, గొర్రెలు కాసే సుంకమ్మ. రెండు రోజులుగా కనపడకపోతే కూతురి ఊరికి పోయిందనుకున్నారందరూ.

చున్నీలు ముడేసి నీళ్ల సీసా దించారు. పిల్లలు ఊళ్లోకి పరుగెత్తి మోకులూ మనుషుల్నీ తెచ్చారు. వాళ్లొచ్చేసరికే గాలి మళ్లీ లేచింది. లోపల సుంకమ్మ నోరు తెరిచి అరుస్తోంది. గట్టున నిలబడ్డవాళ్లకు ఒక్క మాటా వినపడలేదు.

ఆమెను పైకి తీసి మంచంమీద ఆసుపత్రికి మోసుకెళ్లాక, వన్నూరమ్మ సారు చెవి దగ్గరగా వచ్చి అడిగింది.

"ఆమె అక్కడుందని మీకు తెలుసా సార్?"

"తెలీదమ్మా."

"మరెందుకొచ్చారు?"

"గాలి ఆగుతుందని నీ పిల్లలు చెప్పారు కదా. వినడానికొచ్చా."