తోట గేటు దగ్గర తొట్టి

"తోటను చంపినవాడు ఈ మఠంలో ఉండొచ్చా, అయ్యగారూ?"

బ్రదర్ బాలశౌరి ఈ మాట అడిగింది కొండను తొలిచి కట్టిన నేలమాళిగలో. అడిగింది తన గురువు బ్రదర్ ఇన్నాసయ్యగారిని.

ముసలాయన చెక్క పలకల కన్నాల్లో తలకిందులుగా గుచ్చిన సీసాలను ఒక్కొక్కటే రవ్వంత తిప్పుకుంటూ పోతున్నారు. నురగ వైను అడుగున పట్టిన మడ్డి మూతి దగ్గరికి దిగాలంటే రోజూ అలా తిప్పాలి. ఆయన చెయ్యి ఆగలేదు.

నేను ఆ పక్కనే ఉన్నాను. ఎవరో చెబితే విని చెప్పే రకం కాదు ఈ మునివెంకటప్ప.

నా సంగతి ఈ కాలంవాళ్ళకు తెలియదు. ఒకప్పుడు నందికొండల చుట్టుపక్కల రాజు వేషం కట్టాలంటే నేనే కట్టాలి. రంగం మీద నేను కత్తి దూస్తే ముందు వరసలో తహసీల్దారు బెంచీ కింద దూరేవాడు. నాటకాలు చూసేవాళ్ళు కరువయ్యాక పునీత జోజప్పగారి మఠంవాళ్ళు పిలిచి పని ఇచ్చారు. మఠానికి కొండవాలు పొడుగునా ద్రాక్షతోట, కొండ కడుపులో వైను మాళిగ. అవి చూడటానికి బెంగళూరు నుంచి కార్లలో జనం వచ్చేవారు. చూడటం అంతా అయ్యాక నేను జరీ తలపాగా పెట్టుకొని వచ్చి కత్తితో ఒక్క వేటుకు సీసా మూతి ఎగరగొట్టాలి. అదీ నా ఉద్యోగం. నేను కొట్టిన బిరడా కొండ దాటి అవతలి తాలూకాలో పడేది. ఒకసారి పైన పోతున్న గద్దకు తగిలింది. ఆ నురగ నోట్లో పడి అది మూడు రోజులు మఠం కప్పు దిగలేదు. నమ్మనివాళ్ళు నమ్మకండి, నాకు నష్టం లేదు.

అలాంటి నా కత్తికంటే బాలశౌరి నాలుక పదును. ఈ మాట ఇంకొకరి గురించి నేను ఎప్పుడూ అనలేదు.

జనాన్ని తోటలో తిప్పేది అతనే. ముప్పై ఏళ్ళవాడు, తెల్లటి అంగీ, ఖంగున మోగే గొంతు. పందిళ్ళ మధ్య నడిపిస్తూ ఆకు తెంపి వాసన చూపించేవాడు. మాళిగలోకి తీసుకుపోయి, "ఒక్క సీసాలో కారు టైరుకంటే ఎక్కువ గాలి బిగబట్టుకొని ఉందమ్మా, కొంచెం మెల్లగా మాట్లాడండి" అనేవాడు. పట్నపు ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేవారు. అతను మాట్లాడుతుంటే సీసాల్లో బుడగలు కూడా పైకి రావడం మానేసి వినేవి. నేను కళ్ళారా చూశాను.

తోట గేటు దగ్గర ఒక సిమెంటు తొట్టి ఉండేది. జానెడు లోతు. అందులో బ్లీచింగ్ నీళ్ళు, పక్కన కొబ్బరిపీచు బ్రష్షు. లోపలికి ఎవరు పోవాలన్నా, బిషప్పుగారైనా సరే, అందులో దిగి చెప్పుల అడుగు రుద్దుకొని పోవాలి. తోట పెట్టిన నాడే ఇన్నాసయ్యగారు పెట్టిన కట్టుబాటు అది. ఎందుకని అడిగితే, "ఒక తోట మట్టి ఇంకో తోటలోకి రాకూడదు" అనేవారు. అంతకుమించి చెప్పేవారు కాదు.

ఆదివారాల్లో వచ్చేవాళ్ళు పొద్దున ఒక తోట, మధ్యాహ్నం ఇంకో తోట చూసేవారు. ఆ తొట్టి చూడగానే మొహాలు మాడేవి.

"ఈ నీళ్ళు తగిలితే షూ రంగు పోతుందండీ. కొని వారం కూడా కాలేదు" అని ఒకావిడ.

"సినిమాహాల్లో కూడా టికెట్టే అడుగుతారు గాని కాళ్ళు కడుక్కోమనరు" అని వాళ్ళాయన.

అందరూ గొల్లుమన్నారు. బాలశౌరి కూడా నవ్వాడు. మరుసటి ఆదివారానికి తొట్టి మీద పలకలు పరిచాడు. వాటి మీద బంతిపూల కుండీలు వరసగా పెట్టాడు. అందం వచ్చింది. జనం దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకున్నారు.

ఇన్నాసయ్యగారు వచ్చి చూశారు. బాలశౌరి అప్పుడు నలభైమందికి పందిరి గురించి చెబుతూ మంచి ఊపు మీద ఉన్నాడు. ముసలాయన కాసేపు నిలబడి విన్నారు. తరవాత కుండీల పక్కనుంచి చెప్పులు రుద్దుకోకుండానే లోపలికి వెళ్ళిపోయారు.

రెండు వానాకాలాలు గడిచాయి. వాలు మధ్యలో ఒకచోట ఆకు పసుపు తిరిగింది. ముందు మంచమంత జాగా. తరవాత ఇంటి అంత. ఎరువు వేశారు, నీళ్ళు పెంచారు, దివ్యపూజలో ప్రార్థన చేశారు. పసుపు పాకుతూనే ఉంది.

ఒక వ్యవసాయ శాస్త్రవేత్తను పిలిపించారు. ఆయన ఒక మొక్క పక్కన తవ్వి వేరు బయటికి తీసి భూతద్దం కింద పెట్టాడు. వేరంతా ముడులు. ముడుల మీద నూకల్లో నూక లాంటి పురుగులు.

"మందు?" అన్నారు ఇన్నాసయ్యగారు.

"లేదండీ. మొత్తం పెరికి తగలబెట్టాలి. ఈ నేలలో పదేళ్ళ దాకా ద్రాక్ష పెట్టకండి."

"ఎలా వచ్చిందండీ?" అన్నాడు బాలశౌరి.

శాస్త్రవేత్త పుల్లతో తన బూటు అడుగు గీక్కుంటున్నాడు. తల ఎత్తకుండానే చెప్పాడు. "ఇంకెలాగ, ఇలాగే. మట్టితో. బూట్లకు అంటుకొని వస్తుంది."

బాలశౌరి గేటు దగ్గరి బంతిపూల కుండీలవైపు చూశాడు.

తోట పెరికాం. ఏనుగు తొండానికి లొంగని మొదళ్ళను నేను ఒంటిచేత్తో పెరికాను, ఆ కొండ మీద ఎవరినైనా అడగండి. బాలశౌరి ఒక మొక్క పట్టుకున్నాడు. పట్టుకొని పొద్దు గూకేదాకా అలాగే వంగి ఉన్నాడు. దాన్ని కూడా నేనే పెరికాను. పచ్చి తీగ సరిగా మండదు. పొగ మఠంలోకి, గుడిలోకి, అన్నంలోకి వచ్చింది.

మాళిగలో పాత సీసాలు ఉన్నాయి కాబట్టి జనం రావడం ఆగలేదు. బాలశౌరే చూపించాలి. ఒక పెద్దమనిషి మాళిగ నుంచి బయటికి వచ్చి బోడి వాలు చూసి, "మరి తోట ఎక్కడ సార్?" అన్నాడు.

బాలశౌరి చెయ్యి పైకి లేచింది. నోరు తెరుచుకుంది. చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను గబగబా కత్తి దూసి సింహంలా ఒక్క అరుపు అరిచి సీసా కొట్టాను. చప్పట్లు కొట్టారు. ఆ రోజు బిరడా ఎటు పోయిందో నేను చూడలేదు.

అతను తిండి మానేశాడు. "ఫాదర్ దగ్గర పాపసంకీర్తనం చేశావా సామీ?" అని అడిగాను.

"చేశాను మామా. దేవుడు క్షమించాడని చెప్పారు."

"మరింకేం?"

"నేలను అడిగేవాళ్ళు ఎవరూ లేరు మామా."

నేను అతని కంచం ముందుకు జరిపాను.

ఆ మరుసటి వారమే అతను మాళిగలో నేను మొదట చెప్పిన ఆ ప్రశ్న అడిగాడు. గురువుగారు వరస చివరిదాకా సీసాలు తిప్పుకుంటూ పోయారు. బాలశౌరి వెనకే నడిచాడు.

"పదేళ్ళన్నారు అయ్యగారూ. మళ్ళీ ఇక్కడ తీగ పాకేనాటికి మీరు ఉండరు."

"ఉండను" అన్నారు ఇన్నాసయ్యగారు.

"మీ చేత్తో పెట్టిన తోట. నా చేత్తో చంపాను."

ముసలాయన చివరి సీసా తిప్పారు.

"పొద్దున బస్సుకు వెళ్ళిపోతాను అయ్యగారూ. అంగీ ఇక్కడే వదిలిపోతాను."

"ఊఁ" అన్నారు. అంతే. ఉండమని అనలేదు. నాకు ఒళ్ళు మండింది. ఆయన పెద్దరికం చూసి ఊరుకున్నాను గాని లేకపోతే ఆ మాళిగ పైకప్పు ఎగిరిపోయేలా అరిచేవాణ్ణి.

పొద్దున బాలశౌరి మామూలు చొక్కా తొడుక్కొని బయలుదేరాడు. పెట్టె నేను తీసుకున్నాను. నిండు పీపాను చంకలో పెట్టుకొని కొండెక్కినవాణ్ణి నేను. ఆ పెట్టెలో రెండు జతల బట్టలు, ఒక జపమాల. నాలుగు అడుగులకోసారి కింద పెట్టాల్సి వచ్చింది.

రోడ్డుకు దగ్గరి దారి తోటలోంచే. తోట అని అలవాటు కొద్దీ అంటున్నాను. గుంటలు, బూడిద, ఎర్రమట్టి. రాత్రి జల్లు పడి నేలంతా జిగురుగా ఉంది. బాలశౌరి తల వంచుకొని నడిచాడు.

గేటు దగ్గర కుండీలు లేవు. గోడ వారగా జరిపి ఉన్నాయి. పలకలు తీసి ఉన్నాయి. తొట్టి నిండా నీళ్ళు. బ్లీచింగ్ వాసన ముక్కుకు తగిలింది. దాని పక్కన చిన్న పీట వేసుకొని, బ్రష్షు చేతిలో పట్టుకొని ఇన్నాసయ్యగారు కూర్చొని ఉన్నారు. ఆ వయసులో బావి నుంచి అన్ని బిందెలు ఎలా మోసుకొచ్చారో!

"ఆగు శౌరీ. కాలు ఇందులో పెట్టు."

బాలశౌరి వెనక్కి తిరిగి బోడినేల చూశాడు. "ఇంకేం ఉందని అయ్యగారూ? కాపాడుకోవడానికి లోపల ఒక్క తీగైనా ఉందా?"

"లేదు."

"మరి ఇదెందుకు?"

"నువ్వు లోపలికి రావడం లేదు కదా. బయటికి పోతున్నావు."

బాలశౌరి తన చెప్పులవైపు చూసుకున్నాడు.

"ఏ ఊరు పోతున్నావు?"

"మా అక్కగారి ఊరు. గౌరీబిదనూరు అవతల."

"అక్కడ తోటలున్నాయా?"

బాలశౌరి రోడ్డువైపు చూశాడు. "దారి పొడుగునా తోటలే."

ముసలాయన పీట మీదనుంచి ముందుకు వంగారు. మోకాళ్ళు కటుక్కుమన్నాయి. బాలశౌరి మడమ పట్టుకొని తొట్టిలోకి లాక్కున్నారు.

"వద్దు అయ్యగారూ! మీరు నా కాళ్ళు పట్టుకోవడం ఏమిటి? నేను చంపినవాణ్ణి, నేను..."

"ఊఁ" అంటూ ఆయన రుద్దుతూనే ఉన్నారు.

నేను చెవులు రిక్కించుకొని విన్నాను. కాదు నాయనా, నీ తప్పు లేదు అంటారని. ఆ మాట ఆయన అనలేదు. అడుగున పగుళ్ళలో ఇరుక్కున్న మట్టిని గోటితో గీకి తీశారు. ఒక కాలు అయ్యాక రెండో కాలు. నీళ్ళు ఎర్రబడ్డాయి.

మలుపులో బస్సు హారన్ వినిపించింది. నేను పెట్టె ఎత్తాను.

బాలశౌరి తొట్టిలోంచి రోడ్డువైపు దిగాడు. తడి చెప్పులతో నిలబడి గురువుగారికి చేతులు జోడించాడు.

ఇన్నాసయ్యగారు ఆ దండం చూడలేదు. వంగి తన కాలు ఎత్తి తొట్టిలో పెట్టారు. పాత తోలు చెప్పు. అడుగున రెండు వేళ్ళ మందాన ఎర్రమట్టి. బ్రష్షు తిప్పి పిడి బాలశౌరివైపు చాచారు.

బాలశౌరికి అర్థం కాలేదు. "మీరెక్కడికి వెళ్తున్నారు అయ్యగారూ?"

"ఎక్కడికీ లేదు."

"మరి..."

"ఆ మట్టిలో నీకంటే ఎక్కువ తిరిగింది నేనే."

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తలుపులోంచి వేలాడుతూ కేకేశాడు. "ఏం మునెంకటప్పా, ఎక్కుతారా, లేకపోతే స్నానాలు కూడా కానిస్తారా?"

ఏడు ఊళ్ళకు వినపడే గొంతు నాది. మైకు లేకుండా పదివేల మందిని కూర్చోబెట్టిన గొంతు. ఆ క్షణాన అది ఎక్కడికి పోయిందో తెలియదు. ఆగమని చెప్పాలో పొమ్మని చెప్పాలో తెలియక బాలశౌరివైపు చూశాను.

అతను తొట్టికి అవతల, రోడ్డు పక్క బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గురువుగారి కాలు రెండు చేతుల మధ్య పెట్టుకొని రుద్దుతున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. ఏడుపు బయటికి రావడం లేదు.

కండక్టరు రెండుసార్లు విజిల్ వేశాడు. బస్సు కదిలింది. ఇద్దరిలో ఎవరూ తల ఎత్తలేదు.

ఇన్నాసయ్యగారు కాలు కొంచెం పక్కకు తిప్పారు.

"మడమ దగ్గర ఇంకా ఉంది" అన్నారు.