మూడుసార్లూ నాలుగే

ఆ కొండవాలులో దుప్పులకీ కొండముచ్చులకీ తాతల నాటి ఒప్పందం ఒకటుంది. చెట్టు మీద కొండముచ్చు కావలి కాస్తుంది, కింద దుప్పులు మేస్తాయి. దూరాన చిరుత కనిపిస్తే కొండముచ్చు దగ్గినట్టు కూస్తుంది, దుప్పులు పరుగు తీస్తాయి. పదేళ్ళుగా నల్లమద్ది చెట్టు మీద కావలి అప్పలకొండది.

ఈ మధ్య అప్పలకొండకి దూరపు చూపు ఆనడం లేదు. ఆ మాట పైకి అనలేదు. కళ్ళు తగ్గాయని తెలిస్తే కావలివాడి పరువేం కాను? కానీ చినతల్లి అనే దుప్పి కనిపెట్టేసింది. ఆమెకి మూడు వారాల పసికూన ఉంది.

"మావా, నా బిడ్డకి ఇంకా పరుగు రాదు. నువ్వు ఓ కూత ముందు కూస్తేనే అది బతుకుతాది. గౌరమ్మప్ప దగ్గరకెల్లి అద్దాలు ఏయించుకో" అని బతిమాలింది.

గౌరమ్మ ఎలుగుబంటి. అడవి అంచున మనుషులు కంటి శిబిరం పెట్టి ఎత్తేసినప్పుడు వదిలేసిన అద్దాల పెట్టె ఆమె దగ్గరుంది. ఇరవై అడుగుల దూరంలో పాదముద్రల పలక నిలబెడుతుంది. పైన ఏనుగు అడుగు, కిందికి వచ్చేకొద్దీ చిన్నవై, అట్టడుగున ఎలుక అడుగు. ఒక్కో అద్దం కంటి ముందు పెట్టి, "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడుగుతుంది. అప్పలకొండ వారం రోజులు వెళ్ళాడు కానీ, అలా అడిగినప్పుడల్లా ఒళ్ళు మండేది. చుట్టూ నలుగురూ చూస్తుండగా "తెలీడం లేదు" అనడం అతనికి చచ్చేంత చిన్నతనం.

సరిగ్గా అప్పుడే పరమేశం అనే నక్క ఒక యంత్రం మోసుకొచ్చింది.

"పెద్దాయనా, అడగడాలూ చెప్పడాలూ పాత పద్ధతి. ఇందులోకి ఒక్కసారి చూడండి చాలు. మీ పవరు అదే చెబుతుంది. మీరు నోరు విప్పక్కర్లేదు" అంది.

నోరు విప్పక్కర్లేదన్న మాట అప్పలకొండకి బాగా నచ్చింది.

కొత్త పద్ధతిని ఊరికే ఒప్పుకోకూడదని అడవి సభ చేరింది. రెండు పద్ధతులనీ పోల్చి చూడాలన్నారు. పరీక్ష అప్పలకొండ కళ్ళకే, పెద్ద కాబట్టి తీర్పూ అప్పలకొండదే. అందులో తప్పుందని ఒక్కరికీ తోచలేదు.

"మూడు పూటలా కొలుద్దాం. మూడుసార్లూ ఒకే లెక్క వచ్చిందే మంచి పద్ధతి" అని నక్క నియమం పెట్టింది. న్యాయంగానే ఉందని అందరూ తలలూపారు.

గౌరమ్మకి పొద్దున రెండు వచ్చింది, మధ్యాహ్నం ఒకటి ముప్పావు, సాయంత్రం రెండుంపావు. నక్క యంత్రం పొద్దున నాలుగు అంది, మధ్యాహ్నం నాలుగు, సాయంత్రమూ నాలుగే.

"చూశారా, ఆమె పద్ధతి పూటకో మాట చెబుతోంది" అని నక్క మెల్లగా నవ్వింది.

గౌరమ్మ నిదానంగా లేచి అప్పలకొండతో అంది. "కళ్ళు అలిసినప్పుడు పావు అటూ ఇటూ అవుద్ది. మూడు రాళ్ళూ ఒకే కొమ్మకి తగిలితే సరిపోద్దా తమ్ముడా? కాయ రాలాల కదా. ఆ నాలుగు నంబరు అద్దాలు పెట్టుకుని దూరం సూడు. లేదంటే కుందేలుని ఓసారి ఆ పెట్టెలోకి సూడమను."

"నియమం ప్రకారం పరీక్ష పెద్దాయనకే. కుందేలు కళ్ళతో మీ కళ్ళని పోల్చడం మీకే అవమానం" అని నక్క అప్పలకొండ వైపు తిరిగింది.

అప్పలకొండ మెడ నిక్కించాడు. "కుందేలు అక్కర్లేదు. అద్దాలు తే."

పెట్టుకున్నాడు. ఎదురుగా ఉన్న కొండ అలికేసినట్టు అయిపోయింది. కణతల్లో పోటు మొదలైంది. ఇవి తప్పు అద్దాలని ఆ క్షణమే అతనికి తెలిసింది. పలక చదవమన్నారు. ఆ పలకని ఇన్ని రోజులుగా చూస్తున్నాడు, ఏ వరసలో ఏ అడుగుందో నోటికొచ్చు. ఎలుక అడుగు దాకా తడుముకోకుండా చెప్పేశాడు.

"బాగున్నాయి. కొత్త పద్ధతే మేలు" అని తీర్పిచ్చాడు. గౌరమ్మ తన పెట్టె మూసుకుని వెళ్ళిపోయింది.

నాలుగో రోజు ఉదయం ఎండ బాగా కాస్తోంది. వాగు పక్కన ఎండుగడ్డిలో పసుపుపచ్చగా ఏదో కదిలింది. గడ్డో, చిరుతో అప్పలకొండకి తేలలేదు. కూత గొంతు దాకా వచ్చింది. అది గడ్డే అయితే? కావలివాడికి కళ్ళు లేవని అడవంతా నవ్వదూ? ఇంకాస్త చూద్దామని ఆగాడు.

ఆ కాస్తలో చినతల్లి బిడ్డ పోయింది.

చినతల్లి చెట్టు కిందికొచ్చి తలెత్తింది. "మావా, కనపడనేదా?"

అప్పలకొండ ఆ అద్దాలు తీసి కొమ్మ మీద పెట్టాడు. ఆమె మంద వైపు నడిచింది. తిట్టినా బాగుండేది.

గౌరమ్మ వచ్చి, నక్క వదిలేసి వెళ్ళిన యంత్రం ముందు ఒక అడవి దుంప పెట్టింది. నాలుగు అంది. రాయి పెట్టింది. దానికీ నాలుగే. అది ఏనాడో పాడైపోయి ఆ ఒక్క అంకె దగ్గరే ఆగిపోయిన పెట్టె.

"నువ్వు కాకుండా ఇంకొక్కర్ని పెట్టి సూసుంటే తెలిసిపోను" అని, రెండు నంబరు అద్దాలు తీసి అప్పలకొండ చేతిలో పెట్టింది.

వాటితో ఆకు మీద ఈనె కూడా కనిపించింది. వాగు అవతల బండ కూడా కనిపించింది. బండ మీద చిరుత తింటోంది. దానికి నాలుగడుగుల వెనక, తన వాటా కోసం నాలుక చప్పరిస్తూ పరమేశం కూర్చుని ఉంది. ఆ యంత్రం ఎవరి కోసం వచ్చిందో అప్పలకొండకి అప్పుడు అర్థమైంది.

ఇటు తిరిగితే దుప్పుల మంద వరసగా అవతలి కొండకి వెళ్ళిపోతోంది. అన్నిటికన్నా వెనక చినతల్లి. ఆమె ఒక్కసారైనా వెనక్కి తిరగకపోవడం కూడా అతనికి స్పష్టంగా కనిపించింది.

కనపడడం లేదని ఒప్పుకోలేనివాణ్ణి కావలి పెడితే, వాడి సిగ్గుకి బలయ్యేది వేరేవాళ్ళ బిడ్డలు.