జాతర కోసం పొట్ట పెంచిన ఎలుగుబంటి

నల్లబండ అడవిలో ఎలుగుబంట్లు, దుప్పులు, ఏదుపందులు, కుందేళ్ళు, కొండముచ్చులు ఉండేవి. ఆ అడవి నిండా ఇప్పచెట్లే. ఎండాకాలంలో ఇప్పపూలు రాలి ఒక పెద్ద బండ గుంటలో పడేవి. తమ రసంలో తామే ఊరి, నురగ కట్టి, పులిసేవి. ఆ రసం ఒక దొప్ప తాగితే ఒళ్ళు తేలికయ్యేది. రెండు దొప్పలు తాగితే కాళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కోవలసి వచ్చేది.

ఏటా వైశాఖం మొదటి రోజున జంతువులన్నీ ఆ గుంట దగ్గర జాతర చేసుకునేవి. అందరికన్నా ఎక్కువ దొప్పలు తాగి, పడిపోకుండా నిలబడినవాడే జాతర పెద్ద. ఏడాది పొడుగునా దారిలో అందరూ పక్కకు తప్పుకుని వాడికి దారి ఇవ్వాలి. ఇంత గొప్ప పదవి ఇంత తేలికగా దొరికే చోటు ఇంకెక్కడా లేదు.

బొంతయ్య అనే ఎలుగుబంటికి ఆ పదవి మీద మనసు పడింది. కిందటి ఏడు వాడు మూడో దొప్పకే బోర్లా పడ్డాడు. ముక్కులోకి చీమలు పోయినా మెలకువ రాలేదు. అప్పటినుంచి కుందేళ్ళు వాడిని "మూడు దొప్పల బొంతయ్య" అని పిలవసాగాయి. ఆ రోజు నవ్వనిది ఒక్క చుక్కి అనే దుప్పి మాత్రమే. బొంతయ్య లేచేదాకా పక్కనే కూర్చుని, ఈగలు ముసరకుండా చెవులు ఆడిస్తూ ఉండిపోయింది.

ఈసారి గెలిచి తీరాలని బొంతయ్య ఒక గురువును కుదుర్చుకున్నాడు. ఆ గురువు తోకన్న అనే కొండముచ్చు. తోకన్న జన్మలో ఒక్క దొప్ప రసం తాగి ఎరగడు. కానీ రోజుకొక తేనెపట్టు తెచ్చిపెడితే ఎంతటి విద్యనైనా నేర్పుతానన్నాడు.

మొదటి వారం తోకన్న వాడిని పొద్దున్నే పదిసార్లు కొండ ఎక్కించి దించాడు. రెండో వారం గిరగిరా తిప్పి, ఒంటికాలి మీద నిలబెట్టాడు. బొంతయ్య మొదట చెట్లకు గుద్దుకున్నాడు, తర్వాత తోకన్నకే గుద్దుకున్నాడు, చివరికి ఎంత తిప్పినా రాయిలా నిలబడటం నేర్చాడు. అయితే పరుగుల వల్ల ఒళ్ళు తగ్గింది.

తోకన్న వాడి పొట్ట తడిమి చూసి పెదవి విరిచాడు. "కాళ్ళు కుదిరాయి శిష్యా, పొట్టే చిక్కిపోయింది. ఇంత చిన్న పొట్టలో ఇరవై దొప్పలు ఎక్కడ పడతాయి? సాగదీయాలి. రోజూ కడుపు పగిలేలా నీళ్ళు తాగు!"

ఆ ఏడు ఫాల్గుణంలోనే వాగు ఎండిపోయింది. ఇసుకలో తవ్విన చెలమ ఒక్కటే అడవికంతటికీ దిక్కు. దాన్ని తవ్వింది ముళ్ళవ్వ అనే ముసలి ఏదుపంది. చెలమలో నీళ్ళు బొట్టు బొట్టుగా ఊరతాయి. అందుకని ఒక్కొక్కరు పది గుక్కలు తాగి పక్కకు జరగాలి, మళ్ళీ ఊరాక తర్వాతివారు తాగాలి. పెద్దవారికైనా చిన్నవారికైనా అదే పద్ధతి.

బొంతయ్య మొదటి రోజు నలభై గుక్కలు తాగాడు. మర్నాడు డెబ్బై. ఆ తర్వాత లెక్క పెట్టడం మానేశాడు.

ఒక సాయంత్రం చుక్కి వాడి దగ్గరకు వచ్చింది. దాని పెదాలు పగిలిపోయి ఉన్నాయి.

"అన్నా, నా వంతు వచ్చేసరికి రోజూ తడి ఇసుకే మిగులుతోంది" అంది.

"నాలుగు రోజులు ఓర్చుకో చెల్లీ. నవ్విన నాపచేనే పండుతుందన్నారు. నేను జాతర పెద్దనైతే నీకూ గొప్పే కదా!" అన్నాడు బొంతయ్య.

చుక్కి వెళ్ళి ఆ తడి ఇసుకనే నాకింది. బొంతయ్యకు మనసులో ఎక్కడో కలుక్కుమంది. కానీ మూడు దొప్పల పేరు గుర్తుకు రాగానే ఆ బాధ మరిచిపోయాడు.

ముళ్ళవ్వ మాత్రం ఊరుకోలేదు. "ఒరే నాయనా, ఊటను ఊరనివ్వాలి. అడుగంటా పీలిస్తే ఇసుక కూలి ఊట మూసుకుపోతుంది" అంది.

"తాగుడు సంగతి నీకేం తెలుసు అవ్వా?"

"తాగుడు సంగతి తెలీదు. దప్పిక సంగతి తెలుసు."

బొంతయ్య ఆ మాట చెవిన పెట్టలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఎందుకని ముళ్ళవ్వ కుందేళ్ళను వెంటబెట్టుకుని వాగు మలుపు దగ్గర మరో చెలమ తవ్వడం మొదలుపెట్టింది.

జాతర ఇంకా మూడు రోజులుందనగా, బొంతయ్య చెలమ గట్టు మీద బోర్లా పడుకుని చివరి బొట్టు వరకు పీల్చాడు. వాడి పొట్ట బరువుకు గట్టు కుంగింది. ఇసుక జరజరా జారి చెలమ పూడిపోయింది. ఎంత గీరినా పొడి ఇసుకే వచ్చింది.

"దిగులెందుకు శిష్యా? దప్పికతో ఉంటే జాతరలో ఇంకో నాలుగు దొప్పలు ఎక్కువే తాగుతావు" అన్నాడు తోకన్న. మర్నాడు తనకు దాహం వేయగానే, చెప్పాపెట్టకుండా కొండ దాటి పోయాడు.

జాతర రోజు వచ్చింది. బొంతయ్య ఒళ్ళంతా దువ్వుకుని, పొట్ట ముందుకు పెట్టి, బండ గుంట దగ్గరకు నడిచాడు. గుంట నిండా రసం నురగలు కడుతోంది. చుట్టూ ఒక్క ప్రాణీ లేదు.

కాసేపు ఎదురుచూశాడు. తర్వాత తానే దొప్ప ముంచుకున్నాడు. మూడోది తాగినా నిలబడే ఉన్నాడు. పదోది తాగాడు. ఇరవయ్యోది తాగి, దొప్ప పైకెత్తి "చూశారా!" అని అరిచాడు. ఎవరూ పలకలేదు.

చాలాసేపటికి ముళ్ళవ్వ వచ్చింది. దాని ముట్టెకు తడి ఇసుక అంటుకుని ఉంది.

"అవ్వా, ఇరవై దొప్పలు! చూడు, నిలబడే ఉన్నాను. అందరూ ఏరీ? చుక్కి ఏది?"

"అందరూ కొత్త చెలమ దగ్గరున్నారు. ఈ పొద్దునే నీళ్ళు పడ్డాయి" అంది ముళ్ళవ్వ. "చుక్కి అంతవరకు ఆగలేకపోయింది నాయనా. మొన్న నీళ్ళ కోసం ఊరి చెరువు వైపు వెళ్ళింది. ఊరి కుక్కలు చుట్టుముట్టాయి. ఇక రాదు."

బొంతయ్య అక్కడే కూలబడి, ఒళ్ళు తెలియకుండా పడిపోవాలనుకున్నాడు. పడిపోతే కాసేపైనా ఈ మాట గుర్తుండదు. కానీ కాళ్ళు వణకలేదు, కళ్ళు మూతపడలేదు. వాడి కసరత్తు అంత బాగా ఫలించింది. దుఃఖమంతా తెలుస్తూనే నిలబడి ఉన్నాడు.

ఇరవై దొప్పలు తాగినా గొంతు మాత్రం ఎండిపోతోంది. ముళ్ళవ్వ వాడిని కొత్త చెలమ దగ్గరకు తీసుకువెళ్ళింది. వాడు రాగానే జంతువులన్నీ పక్కకు తప్పుకుని దారి ఇచ్చాయి. అది గౌరవం కాదని, భయమని వాడికి తెలిసింది. బొంతయ్య ఆ దారిన నడవలేదు. అందరి వెనక్కి వెళ్ళి, తల దించుకుని, తన పది గుక్కల కోసం నిలబడ్డాడు.

నీతి: నలుగురి నోటి దగ్గర నీళ్ళు లాక్కుని గెలిచినవాడికి, ఆ గెలుపు చూడటానికి నలుగురూ మిగలరు.