తెల్లపూల గుహలో ఒక ఊపిరి

పరాంకుశం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. గాలిని సీసాలో పట్టేటప్పుడు ఆయన ఊపిరి తీసుకునేవారు కాదు. ఎర్రమల కొండల్లో ఒక బోడిగుట్ట నెత్తిన రేకుల కప్పు వేసిన చిన్న గది, అదే ఆయన పరిశోధనశాల. వారానికొకసారి ఆయన బయటికొచ్చి, వేలు తడిపి గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని, దానికి ఎదురుగా నిలబడి, గుండెల నిండా గాలి పీల్చి బిగబట్టేవారు. అప్పుడు చేయి బారచాచి గాజుసీసా మూత తిప్పేవారు. మళ్ళీ మూత బిగించి నాలుగడుగులు పక్కకు జరిగాక గానీ ఊపిరి వదిలేవారు కాదు. అప్పటికి ఆ ముసలాయన మొహం కందగడ్డ అయ్యేది. శిష్యులు చాటుగా నవ్వుకునేవారు. పట్టేవాడి ఊపిరి కలిస్తే సీసాలో గాలి లెక్క తప్పుతుందని వాళ్ళకు తెలియక కాదు. పుస్తకంలో ఉంది, పరీక్షలో రాశారు, మార్కులు కూడా తెచ్చుకున్నారు. అయితే తెలియడం వేరు, తట్టడం వేరు. తెలిసింది తట్టకపోతే ఏమవుతుందో ఓబులేసు సంగతి వింటే బోధపడుతుంది.

ఓబులేసు ఆ శిష్యుల్లో ఒకడు, ఆ కొండల కిందనున్న గుట్టపాయపల్లె పిల్లవాడే. ఊరంతా నాపరాయి గనుల మీద బతికింది. టైల్సు వచ్చాక నాపరాయిని అడిగే నాథుడు లేడు. గనులు మూతపడ్డాయి, మగవాళ్ళు వలస పోయారు. అలాంటి ఊరికి ఆ కొండలోనే దేవుడిచ్చినట్టు ఒక గుహ బయటపడింది. ముందు పెద్ద సావడి, దాని వెనక నడుము వంచి దూరాల్సిన ఒక లోగది. ఆ లోగది కప్పు నిండా, గోడల నిండా, వేల ఏళ్ళుగా నీటిచుక్క కట్టుకుంటూ వచ్చిన తెల్లటి రాతిపూలు. చూసినవాళ్ళు చూసినట్టే నోరు తెరుచుకుని ఉండిపోయేవారు. దాన్ని యాత్రికులకు తెరవాలని సర్కారులో పైవాళ్ళు అనుకున్నారు. జనం వస్తే ఆ పూలకేమైనా అవుతుందా అని మాత్రం మాస్టారిని అడిగారు. మాస్టారు ఆ పని ఓబులేసు చేతిలో పెట్టారు.

ఇంకేం, ఊరు ఊరంతా పండగ చేసుకుంది. మనవాడే రాస్తాడట, మనకనుకూలంగా రాయక ఏం చేస్తాడు! ఓబులేసును పెంచి చదివించిన మేనమామ మద్దిలేటి, గుహ దారిలో అప్పుడే నాపరాళ్ళు నిలబెట్టి సోడా అంగడికి కొట్టం కూడా వేసేశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఊరికే పుట్టలేదు మరి. ఓబులేసుకూ మనసులో అదే ఉంది. మామకు ఒక దారి దొరికితే చాలు, తన చదువుకు ఫలం దక్కినట్టే.

అందుకేనేమో, గుహకు వెళ్ళడానికి ముందురోజు సాయంత్రం అతనికి లేనిపోని కోపం వచ్చింది. మాస్టారు చదవమన్న పాత సంగతులన్నీ చదివి, పుస్తకం ఠపీమని మూశాడు.

"ఇదేం చోద్యం సార్! రెండొందల ఏళ్ళ కిందటే ఒకాయన, భూమి మీది గాలి దుప్పటిలాగా వెచ్చదనాన్ని పట్టి ఉంచుతోందన్నాడు. తర్వాత ఒకావిడ గాజుగొట్టాల్లో గాలులు నింపి ఎండలో పెట్టి, బొగ్గుపులుసు గాలి ఉన్న గొట్టమే బాగా కాగిందని చూపించింది. ఆమె రాసింది సభలో చదవడానికి కూడా ఆమె బదులు ఇంకొకాయన లేచాడు. ఆ వెనక ఒక చలిదేశపాయన ఏడాది పొడుగునా చేత్తో లెక్కలు కట్టి, మనం బొగ్గు కాల్చుకుంటూ పోతే భూమి వేడెక్కుతుందని తేల్చాడు. తేల్చి, మా దేశానికి చలి తగ్గుతుందిలే అని సంతోషపడ్డాడు! ఇంకో ఆవిరియంత్రాల ఇంజనీరు ఊరూరి వేడి లెక్కలు పోగేసి, అయ్యా, వేడెక్కుతూనే ఉంది అన్నాడు. పెద్దలు ఆయన శ్రద్ధను మెచ్చుకుని మాటను పక్కన పెట్టారు. ఇంతమంది చెప్పినా నమ్మడానికి ఇన్నేళ్ళా? అంతంత చదువుకున్నవాళ్ళకు ఎందుకు తట్టలేదు సార్?"

మాస్టారు అరుగు మీద కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుకుంటున్నారు. "నీకు నమ్మకమేనా?" అన్నారు తలెత్తకుండా.

"లెక్కలు నమ్ముతాను సార్. కానీ... మనిషెంత, ఆకాశమెంత? ఈ కొండే చూడండి. కోట్ల ఏళ్ళది. మనం దీని ముందు చీమలం కూడా కాదు. మన వల్ల దీనికి ఏదో అవుతుందంటే, నిజం చెప్పొద్దూ, నా మనసు ఒప్పుకోదు."

"రేపు పోదాం పద" అని మాస్టారు పప్పు చెరిగి లోపలికి వెళ్ళారు. వాదించలేదు. వాదిస్తే ఓబులేసు గెలిచేవాడే, నోరున్న పిల్లవాడు.

మర్నాడు పొద్దున ఇద్దరూ గుహలోకి దిగారు. సావడిలో ఈ మూల నుంచి ఆ మూలకు గాలి ఆడుతూనే ఉంది. లోగదిలోకి దూరేసరికి ఆ గాలి తెగిపోయింది. బ్యాటరీ దీపం ఎత్తగానే తలమీద పూలు వెలిగాయి. దూది పింజల్లాంటివి కొన్ని, మల్లెమొగ్గ అంతవి కొన్ని, గట్టిగా చూస్తే రాలిపోతాయేమో అన్నంత సన్నటివి కొన్ని. ఎక్కడో ఒక చుక్క రాలింది. ఇంకో చుక్క రాలడానికి చాలాసేపు పట్టింది. ఆ చుక్కకూ ఈ చుక్కకూ మధ్య ఏ చప్పుడూ లేదు. ఓబులేసు ఎన్నిసార్లు వచ్చినా ఆ గదిలో రెండో చుక్క కోసం చెవి ఒగ్గి వినేవాడు. తన ఊరు పుట్టకముందు నుంచీ ఆ చుక్క అలాగే రాలుతోందని అతనికి తెలుసు.

బొగ్గుపులుసు గాలిని కొలిచే పరికరం రాతి మీద పెట్టి మీట నొక్కాడు. అంకె కనబడింది. రాసుకున్నాడు. మాస్టారు ఒక మూల గొంతుక్కూర్చుని పైపంచె ముక్కుకు చుట్టుకున్నారు. ఆయనకు చెమ్మ పడదు కాబోలనుకున్నాడు ఓబులేసు.

కాసేపటికి అంకె పెరిగింది. ఇంకాసేపటికి ఇంకా పెరిగింది. ఓబులేసు మొహం చిట్లించాడు. దీపం వేడికా? దీపం దూరం జరిపాడు. అంకె ఆగలేదు. రాతిలోంచి వస్తోందా? చెవి పెట్టి మరీ విన్నాడు, పాపం. మాటిమాటికీ పరికరం మీదికి వంగి చూస్తున్నాడు, వంగినప్పుడల్లా అది ఎగబాకుతోంది.

"పాడైంది సార్. నిన్ననే సరిచూశాను, ఇవాళ తిక్క చేస్తోంది."

"ఈ గదిలో ఏమేమున్నాయి?" అన్నారు మాస్టారు పంచె చాటు నుంచి.

"రాయి ఉంది, నీళ్ళున్నాయి, పూలున్నాయి, దీపం, ఈ పాడు పరికరం."

"అంతేనా?"

"అంతే కద సార్! దుమ్ము పట్టినట్టుంది, ఉండండి." ఓబులేసు పరికరాన్ని మొహం దగ్గరికి తీసుకుని ఉఫ్ అని గట్టిగా ఊదాడు.

అంకె ఒక్కసారి తాటిచెట్టంత ఎగిరింది.

"చూశారా! చెప్పానా! పనికిరాదు సార్ ఇది" అంటూ అతను ఇంకోసారి ఊదడానికి బుగ్గలు పూరించాడు. మాస్టారు లేచి వచ్చి, పరికరం మీద అరచెయ్యి అడ్డం పెట్టారు.

బుగ్గలు పూరించినవాడు పూరించినట్టే ఆగిపోయాడు. మాస్టారి ముక్కుకున్న పంచె చూశాడు. గుట్ట మీద గాలికి ఎదురుగా నిలబడి కందగడ్డయ్యే ఆ మొహం గుర్తొచ్చింది. తర్వాత ఎదురుగా, తన నోటికి జానెడు దూరంలో, ఒక రాతిపువ్వు కనబడింది. ఎన్ని వేల ఏళ్ళు కట్టుకుంటే అయిందో తెలియదు గానీ దాని రేకు గోరంత కూడా లేదు. తన ఉఫ్ దాన్ని దాటి వెళ్ళి ఉంటుంది. ఇందాకటి నుంచి వంగిన ప్రతిసారీ, మాట్లాడిన ప్రతిసారీ, ఈ గది తనను లెక్కపెట్టుకుంటూనే ఉంది. తనే తనను లెక్కపెట్టుకోలేదు.

ఓరి దేవుడా, అనుకున్నాడు ఓబులేసు. ఇంతటివాణ్ణా నేను?

అది గర్వం కాదు, భయమూ కాదు. పసిబిడ్డను మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నవాడికి తన చేతులు ఎంత మోటువో తెలిసొచ్చినట్టు, అలాంటిదేదో. చీమ కాదు తను. చీమనైతే ఎంత హాయిగా ఉండేదో! బుగ్గల్లోని గాలి వదలడానికి అతనికి మనసొప్పలేదు. గుండెలు నొప్పెట్టాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చివరికి గది నుంచి దేకుతూ సావడిలోకి వచ్చి, అక్కడ గాలాడే చోట వదిలాడు. మాస్టారూ వెనకే బయటికొచ్చారు. మధ్యాహ్నం దాటాక పరికరం కోసం ఒక్కడే ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళి వచ్చాడు. పరికరం దాచుకున్న లెక్కలు చూస్తే, వాళ్ళు బయటికొచ్చిన దగ్గర నుంచీ అంకె దిగుతూనే ఉంది. చాలా నెమ్మదిగా దిగుతోంది. ఎక్కినంత తొందరగా మాత్రం దిగలేదు.

గుహ ముందు మద్దిలేటి మజ్జిగ చెంబుతో కాచుకుని ఉన్నాడు.

"ఏమిరా అల్లుడూ, తేలిందా? కొండకేమీ కాదని చెప్పు, నీ నోట్లో చక్కెర పోస్తా."

ఓబులేసు చెంబు అందుకున్నాడు గానీ తాగలేదు. "మావా, ముందరి సావడి తెరవొచ్చు. గాలాడుతుంది. లోగది మాత్రం వద్దు. అక్కడ మనం పీల్చి వదిలే ఊపిరి పోదు, అక్కడే ఉండిపోతుంది. ఆ చెమ్మలో కలిసి పులుపెక్కి పూలను తినేస్తుంది."

"ఊపిరా?" మద్దిలేటి తెల్లబోయాడు. "గనిలో మందు పెట్టి కొండను పేల్చినోళ్ళం మేము. ఊపిరికి ఏమవుతుందిరా? ఆ పూలు లేకుంటే ఉత్త సావడి చూడ్డానికి ఎవురు వస్తారు? నిన్ను చదివించింది మా నోట్లో మన్ను కొట్టడానికా?"

ఓబులేసు మామ చేతులు చూశాడు, రాతిపొడి ఇంకా గోళ్ళల్లో ఉంది. "నేనూ నమ్మలేదు మావా. పొద్దున దాకా నేనూ నీలాగే అనుకున్నా. నా నోటితో నేనే ఊది చూశాను" అన్నాడు. అతని కళ్ళు తడిగా ఉండడం చూసి మద్దిలేటి చెంబు లాక్కుని, "పోనీ, తాగు ముందు" అని మళ్ళీ చేతిలో పెట్టి, కొట్టం వైపు నడిచాడు. దాన్ని పీకేస్తాడో ఉంచుతాడో ఆ నడకలో తెలియలేదు.

సాయంత్రం గుట్ట మీద మాస్టారు సీసా తెచ్చి ఓబులేసు చేతికిచ్చారు. ఎప్పుడూ ఇచ్చేవారు కాదు. ఓబులేసు వేలు తడిపి గాలి చూసుకున్నాడు. ఎదురుగా దూరాన సిమెంటు కొలిమి పొగగొట్టం ఒకటి, దాని వెనక ఇంకొకటి, వాటి మీద ఎర్రబడుతున్న ఇంత పెద్ద ఆకాశం. అతను ఊపిరి బిగబట్టి, చేయి చాచి, మూత తిప్పి, బిగించి, నాలుగడుగులు జరిగి వదిలాడు. వదిలాక కూడా ఆ పొగగొట్టాల వైపే చూస్తూ నిలబడిపోయాడు.

"ఊపిరంటే తిన్న తిండిలోది, చెట్టు మళ్ళీ తీసుకుంటుంది. కానీ కోట్ల ఏళ్ళుగా భూమి లోపల పడుకున్న బొగ్గును తవ్వి మరీ కాలుస్తున్నాం కద సార్" అన్నాడు మెల్లగా. "అది ఎక్కడికి పోతుంది?"

మాస్టారు సీసా తీసుకుని తేదీ రాస్తున్నారు.

"నిన్న అడిగాను చూడండి సార్, అంత చదువుకున్నవాళ్ళకు ఎందుకు తట్టలేదని. నాకే సిగ్గుగా ఉంది. చేతిలో పరికరం పెట్టుకుని, నేను నోటితో ఊది, పరికరం పాడైందన్నాను."

మాస్టారు సీసాను జాగ్రత్తగా పెట్టెలో పెట్టి మూత వేశారు.

"సిగ్గెందుకయ్యా? నీది చిన్న గది. తొందరగా తెలిసింది."